మేష్టారి సైకిలు సీటు

మా ఇంట్లో మనవడికి మోటారు సైకిలు ఎన్నేళ్లకు నేర్పాలన్న మాట వచ్చినప్పుడల్లా తలా ఒక వయసు చెబుతారు. ఒకరు పద్నాలుగంటే ఒకరు పద్దెనిమిది అంటారు. నేను మాత్రం నోరు మెదపను. మా వంశంలో ఈ చర్చ ఒకసారి క్షుణ్ణంగా జరిగిపోయింది. అప్పుడు తీర్పు చెప్పినవారు మా ముత్తాత యెహెజ్కేలు మేష్టారు. ఆ తీర్పు ఏమైందో ఆయన కూతురు, అంటే మా నాయనమ్మ దీనమ్మ చెప్పగా విన్నవాణ్ణి. అందుకే పిల్లల ఈడు గురించి పెద్దవాళ్లు బల్ల గుద్ది మాట్లాడుతుంటే నాకు నవ్వొస్తుంది.

మేష్టారి ఊరు చింతలాకు. పాలకొల్లుకి పడవ మీద ఒక పూట ప్రయాణం. ఊరికి ఒక పక్క కాలవ, పడవల రేవు. ఇంకో పక్క పేట. పేటలో ఉన్నవాళ్లంతా మిషనులో కలిసిన కూలి కుటుంబాలవాళ్లు. పేట నుంచి రేవుకి పోవాలంటే నడుమ పెద్దవీధి దాటాలి. ఆ వీధిలో కరణంగారి అరుగు, దానితోపాటు మరో పది అరుగులు ఉండేవి. ఆ అరుగుల ముందు పేటవాళ్లు ఎవరూ బండి మీద గాని గుర్రం మీద గాని పోకూడదు. వీధి మొదట్లో దిగి, చివరిదాకా నడిచి, అప్పుడు మళ్లీ ఎక్కాలి. ఈ కట్టడి ఏ కాగితం మీదా రాసి లేదు. రాసి లేదు కనక కొట్టెయ్యడానికీ వీల్లేదు. పేటలో గుర్రం ఎవరికీ లేదు కాబట్టి కట్టడిలో సగం దానంతటదే అమలయ్యేది.

కాలవ పొడుగునా ఉన్న అయిదు పేటల బళ్లకు యెహెజ్కేలు మేష్టారు పెద్ద. రోజుకొక బడి చూసి, పిల్లల చేత ఎక్కాలు చెప్పించి, ఆదివారం చింతలాకు గుడిలో ప్రసంగం చెప్పాలి. ప్రసంగం మొదలుపెట్టడం ఆయన చేతిలో ఉండేది గాని ఆపడం ఉండేది కాదు. రెండు గంటలకు తక్కువ ఎన్నడూ లేదు. చిన్నపిల్లలు మధ్యలో ఒక్కొక్కరే లేచి బయటికి పోయేవారు. ఆయన పెద్దమనసుతో చూసీ చూడనట్టు ఊరుకునేవారు.

ఇవి జీతానికి చేసే పనులు. ఆయన ఇష్టపడి చేసే పని వేరే ఉంది. ఏ ఈడు పిల్లలు ఏ పని చెయ్యవచ్చో తేల్చి చెప్పడం. కాలవలో దిగడానికి అయిదేళ్లు నిండాలి. ఎడ్ల పగ్గాలు పట్టడానికి ఎనిమిది. తాటిచెట్టు ఎక్కాలంటే మూతి మీద నూగు రావాలి. తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చి అడిగేవారు. ఆయన కళ్లజోడు సర్దుకుని, పిల్లవాణ్ణి ముందుకూ వెనక్కూ తిప్పి చూసి చెప్పేవారు. ఆయనకు ఈత రాదు. ఎడ్లంటే దడుపు. తాటిచెట్టు కింద నిలబడ్డానికి కూడా మనసొప్పేది కాదు. అయినా ఆయన చెప్పిన లెక్క ఎప్పుడూ తప్పలేదు. ఎందుకంటే తల్లులు వచ్చి అడిగేనాటికే పిల్లలు ఆ పని నేర్చేసి ఉండేవారు.

1907 వేసవిలో రాజమండ్రిలో ఉండే మిషను దొరగారికి సీమ నుంచి ఓడ మీద మోటారు సైకిలు వచ్చింది. దాని చప్పుడికి గేదెలు తాళ్లు తెంపుకుంటున్నాయని రైతులు మొత్తుకున్నా ఆయన దాని మీదే తిరిగేవారు. అంతకు ముందు తొక్కిన మామూలు సైకిలు ఖాళీ అయింది. దొరగారు మేష్టార్ని బంగళాకి పిలిపించారు. వరండాలో సైకిలు గోడకి ఆనించి ఉంది. దాని పక్కనే పెద్దాపురం నుంచి వచ్చిన మిషను ఉపదేశి ఒకాయన, పెళ్లిపందిట్లో విస్తరి ముందు కూర్చున్నవాడిలా, దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

దొరగారు తెలుగు పుస్తకాల్లో నేర్చుకున్నారు. "యెహెజ్కేలూ, నీవు ఇకమీదట దినమునకు రెండు బడులు చూడవలెను. ఇది తొక్కుట నీకు వచ్చునా?" అన్నారు.

మేష్టారు పెద్దాపురం ఉపదేశి వంక చూశారు. ఆయన అప్పటికే హ్యాండిలు మీద ఒక చెయ్యి వేసి ఉన్నాడు.

"వచ్చునండి," అన్నారు మేష్టారు.

మా వంశంలో జరిగిన మొదటి వాహన ప్రమాదం అదే.

సైకిలు పడవలో చింతలాకు చేరింది. మర్నాడు తెల్లవారుజామున మేష్టారు, ఆయన భార్య జ్ఞానమ్మ దాన్ని కాలవ గట్టు మీదికి తీసుకుపోయారు. ఆవిడ వెనక సీటు పట్టుకుంది. ఈయన ఎక్కారు. అంతే, మోకాళ్లు నాగజెముడు డొంకలో, తలపాగా కాలవలో. జ్ఞానమ్మ ముందు తలపాగాని తీసి, తరవాత మొగుణ్ణి లేవదీసింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆయన గట్టు మంచిది కాదన్నారు. గట్టు మీద కొత్త మన్ను పోశాక, సైకిలు మంచిది కాదన్నారు. నలభై మూడేళ్ల మనిషి, పేటకి పెద్ద, రోజూ పొద్దున్నే ముళ్లు తీయించుకుంటూ కూర్చుంటే ఏం బాగుంటుంది? ఆయన ఇక దాని మీదికి ఎక్కలేదు.

అలాగని వదల్లేదు. చేత్తో నడిపించుకుంటూ బయల్దేరారు. నల్లకోటు, తలపాగా, ఎడం పక్కన సైకిలు. అప్పుడు ఆయనకొక సంగతి తెలిసింది. సైకిలు తొక్కేవాడు ఇలా కనిపించి అలా పోతాడు. నడిపించేవాణ్ణి జనం తీరిగ్గా చూస్తారు. ఎదురుపడినవాళ్లు "ఏంటండి మేష్టారూ, నడుస్తున్నారూ?" అంటే "ఇప్పుడే దిగానండి" అనేవారు. ఎప్పుడు చూసినా ఆయన అప్పుడే దిగినవారే. ఎక్కినప్పుడు చూసినవాడు మాత్రం ఆ చుట్టుపక్కల ఎవడూ లేడు.

రోజుకి రెండు బళ్లు చూడాలి కదా. తొలికోడి కూసేసరికి ఇల్లు కదిలేవారు. సైకిలు లేని రోజుల్లో ఆయన నడక ఎనిమిది మైళ్లు. సైకిలు వచ్చాక పదహారు.

పెద్దవీధిలో మాత్రం ఆయన నడకకు వేరే అర్థం పట్టింది. కరణం సూర్యప్రకాశంగారు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లకి చూపించేవారు. "చూశారా? దొర ఇచ్చిన బండి. అయినా మన ముందు ఎక్కడు. నేను అడిగానా, చెప్పానా? అదీ వినయమంటే!" మేష్టారు తల వంచుకుని పోయేవారు. వంచిన తలలో వినయం ఎంతో, మోకాలి నొప్పి ఎంతో ఆయనకే తెలుసు. నాకు ఈ చోట ఎప్పుడూ ఒళ్లు మండుతుంది. రాని విద్యని దాచుకోవడానికి ఆయనకు దొరికిన చాటు, పేటవాళ్లందరినీ కిందికి దింపే ఆ కట్టడే అయింది. ఆ చాటున ఆయన రెండేళ్లు హాయిగా ఉన్నారు.

సైకిలు వచ్చిన నెలలోనే పేట పిల్లలకి పిచ్చి ఎక్కింది. మాకు నేర్పమంటే మాకు నేర్పమని వెంటపడ్డారు. తల్లులకి భయం పట్టుకుంది. ఒక ఆదివారం ప్రసంగం అయ్యాక గుడి అరుగు మీద సభ జరిగింది. పిల్లలకి సైకిలు ఎప్పుడు నేర్పాలి? పాలపళ్లు ఊడి కొత్తవి వచ్చాక అని ఒకరు. కాదు, ఎముక ముదిరాక పదహారేళ్లకని ఇంకొకరు. పెద్దింట్లమ్మ అనే ముసలావిడ ఉండేది. బాప్తిస్మంలో వేరే పేరు పెట్టినా ఎవరూ పిలవలేదు, ఆవిడా పలకలేదు. ఆవిడ పొగాకు నమిలి ఉమ్మి, "భయం పుట్టకముందే ఎక్కించెయ్యాలండి. పుట్టాక ఇంకేం ఎక్కుతారూ?" అంది. అంది గాని మేష్టారి వైపు చూడలేదు. చూసినా బాగుండేది.

మేష్టారు గొంతు సవరించుకున్నారు. "వయసుతో నిమిత్తం లేదు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి. ఆనిన రోజున నేనే నేర్పుతాను," అన్నారు. అందరూ తలలూపారు. మాట న్యాయంగా ఉంది.

"ఆడపిల్లలకో నాన్నా?" అంది దీనమ్మ. అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. వయసుకి పొట్టి.

"ఎవరికైనా అంతే," అన్నారు మేష్టారు ధీమాగా.

పిల్లలు పెరుగుతారన్న సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. క్రిస్మసు నాటికి ఇద్దరు ముగ్గురి మునివేళ్లు నేలని తాకుతున్నాయి. ఆ సాయంత్రమే మేష్టారు మర వదులు చేసి సీటు అంగుళం పైకి లేపారు. ఈస్టరుకి మరో అంగుళం. వానాకాలం ముందర ఇంకొకటి. పిల్లలు ఒక అంగుళం ఎదిగితే సీటు ఒక అంగుళం ఎదిగేది. దీనమ్మ దారంతో సీటు కొలిచి, వంటింటి గుమ్మం మీద బొగ్గుతో గీత గీసేది. తన ఎత్తుకి కింద ఒక గీత. రెండేళ్లలో రెండు గీతలూ సమానంగా పైకి పోయాయి. సీటు ఎంత లేచిందంటే, చివరికి ఆ న్యాయం ప్రకారం మేష్టారికి కూడా సైకిలు ఎక్కే ఈడు రాలేదు.

ఇక లాజరు, పాపాయిల సంగతి చెప్పాలి. లాజరుకి ఒంటెద్దు బండి ఉండేది. సైకిలు రాకముందు ఏడు, అతని భార్య పాపాయికి తొలికాన్పు కష్టమై, రాజమండ్రి ఆసుపత్రికి పడవ ఎక్కించాలని బండిలో పడుకోబెట్టి తీసుకుపోయారు. పెద్ద దిక్కుగా మేష్టారు వెంట నడిచారు. వీధి మొదట్లో బండి ఆగింది. అరుగుల మీద మనుషులున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. అనవలసిన పని లేకుండా మేష్టారే అన్నారు. "దిగమ్మా. నాలుగడుగులే కదా."

పాపాయి దిగింది. లాజరు భుజం పట్టుకుని వీధంతా నడిచింది. బిడ్డ పడవలో పుట్టి పడవలోనే పోయింది. నడిచినందువల్లేనని ఎవరూ తేల్చి చెప్పలేదు. కాదని కూడా ఎవరూ చెప్పలేదు. పాపాయి మేష్టార్ని ఒక్క మాట అనలేదు. కాని ఆ తరవాత ఏ పిల్లకి ఏ వయసని ఎవరు అడుగుతున్నా ఆవిడ అక్కడినుంచి లేచి వెళ్లిపోయేది.

1909 జనవరిలో దొరగారు చెప్పాపెట్టకుండా మోటారు సైకిలు మీద చింతలాకు వచ్చారు. అదే సమయానికి మేష్టారు పెద్దవీధిలో సైకిలు నడిపించుకుపోతున్నారు. అరుగు మీద కరణంగారు సంతోషంగా తలాడిస్తున్నారు. దొరగారు బండి ఆపి ఎర్రగా చూశారు.

"యెహెజ్కేలూ! నీవు ఎందుకు దిగి నడుచుచున్నావు? వీరు నిన్ను దిగుమనిరా?"

ఇక్కడ మేష్టారు నిజం చెప్పి ఉంటే కథ లేదు. "లేదండి, నాకు రాదండి" అంటే సైకిలు పెద్దాపురం పోతుంది. "అవునండి" అంటే అబద్ధం. కక్కలేక మింగలేక ఆయన తల వంచుకున్నారు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయట. దొరగారు ఆ నీళ్లని చూసి, అన్నీ తనకే అర్థమైపోయాయనుకున్నారు. ఆ సాయంత్రమే పైకి అర్జీ రాశారు.

అర్జీ ఫలించింది. పెద్దవీధి సర్కారు డబ్బుతో వేసిన లోకలు ఫండు రోడ్డనీ, దాని మీద ఎవరు ఏ వాహనం ఎక్కి పోయినా అడ్డగించరాదనీ తాలూకా నుంచి ఉత్తరువు వచ్చింది. వచ్చే సోమవారం తాసీల్దారుగారి గుమాస్తా ఎదుట, దొరగారి సమక్షంలో యెహెజ్కేలు మేష్టారు సైకిలు మీద వీధి దాటాలి. కరణంగారు ఉత్తరువు చదివి మడిచి ఇచ్చేశారు. "ఎక్కమనండి. అతనే ఎక్కడు. ఎక్కకపోతే మాత్రం, దిగి నడవడం వాళ్ల ఇష్టమేనని గుమాస్తాగారు రాసుకోవాలి," అన్నారు.

పేటంతా పండగయింది. మేష్టారి కోటు ఉతికారు. సైకిలుకి ఆముదం రాశారు. శుక్రవారం పాపాయి వచ్చింది. ఆవిడకి మళ్లీ నెలలు నిండుతున్నాయి. గుమ్మంలోనే నిలబడింది.

"మేష్టారండీ, సోమవారం మీరు తొక్కితే, నా రోజొచ్చినప్పుడు నేను బండి దిగనండి," అంది. వెనక్కి తిరిగి వెళ్లిపోయింది.

ఆ మాట అయ్యాక మేష్టారు అన్నం ముట్టలేదు. శనివారం తెల్లవారుజామున మొగుడూ పెళ్లాలు మళ్లీ గట్టు మీదికి పోయారు. ఈసారి ఒక రాయి మీద నిలబడి ఎక్కి నాలుగు సార్లు పడ్డారు. ఇంటికి వచ్చి మంచమెక్కి, "జ్ఞానమ్మా, సోమవారానికి నాకు జ్వరం వస్తుందేమో," అన్నారు.

"జ్వరం ఎన్నాళ్లు తెచ్చుకుంటారండీ? మంగళవారం తగ్గదా?" అంది ఆవిడ మోకాలికి పసుపు పెడుతూ. "పోయి నిజం చెప్పెయ్యండి."

"ఎవరితో? దొరగారితో చెబితే పని పోతుంది. కరణంతో చెబితే వీధి పోతుంది. పాపాయితో..." ఆయన ఆగిపోయారు. "ఆ అమ్మాయిని అప్పుడు దించింది నేనే కదే."

జ్ఞానమ్మ పసుపు గిన్నె తీసుకుని లోపలికి పోయింది. గుమ్మం దగ్గర పేడ కలుపుతున్న దీనమ్మ చెయ్యి ఆపి విని, మళ్లీ కలిపింది. ఆదివారం మేష్టారు ధైర్యం గురించి మూడు గంటలు ప్రసంగం చెప్పారు. ఆయనకి గుడి దాటి బయటికి రావాలని లేదు. పిల్లలు ఎప్పటిలాగే ఒక్కొక్కరే జారుకున్నారు.

సోమవారం వచ్చింది. పెద్దవీధికి ఈ చివర పేట, ఆ చివర దొరగారు. మధ్యలో కుర్చీ వేసుకుని గుమాస్తా, ఒళ్లో కాగితాలు. అరుగుల నిండా జనం. పాపాయి లాజరు బండి మీద కూర్చుని ఉంది. బండి వీధి మొదట్లో ఆగి ఉంది.

మేష్టారు సైకిలు వీధిలోకి తీసుకొచ్చి నిలబెట్టారు. కుడికాలు లేపారు. సీటు ఆయన నడుముకి పైన ఉంది. ప్రతి పండక్కీ తన చేత్తో లేపిన సీటు. కాలు దాని మీదుగా పోలేదు. రెండోసారి లేపారు. సైకిలు ఒరిగింది. పట్టుకుని నిలబెట్టారు. మర విప్పి సీటు దించుదామన్నా, దించాక చెయ్యవలసిన పని ఆయనకి రాదు.

"ఏమోయ్ యెహెజ్కేలు," అన్నారు కరణంగారు తియ్యగా, "అలవాటైన నడక వదలబుద్ధి కావటం లేదా? పోనీ నడువు. ఎవరేమంటారు?"

గుమాస్తా కలం సిరాలో ముంచాడు.

మేష్టారు వెనక్కి తిరిగి చూశారు. ఎద్దు మెడ దగ్గర లాజరు. బండిలో పాపాయి. ఆవిడ ఒక చేత్తో బండి అంచు పట్టుకుంది. దిగడానికి పట్టుకుందో, దిగకుండా ఉండడానికో తెలియడం లేదు. నాయనమ్మ చెప్పేది, ఆ చూపుతో మా నాన్న పదేళ్లు ముసలాడైపోయాడురా అని.

ఆయన మళ్లీ ముందుకి తిరిగారు. "అయ్యా," అన్నారు. ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నారు, ఈసారి ప్రసంగం చెప్పే గొంతుతో. "అయ్యా, నాకు వినయమూ లేదు, పాడూ లేదు. నాకు సైకిలు తొక్కడం రాదండి. రెండేళ్ల నుంచీ రాదు. దొరగారండీ, తమరితో అబద్ధం చెప్పానండి."

అరుగుల మీద నవ్వులు లేచాయి. దొరగారి మొహం తెల్లబడింది. అంతకంటే తెల్లబడడానికి చోటుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. ఆ నవ్వుల మధ్యలో దీనమ్మ వచ్చి సైకిలు హ్యాండిలు పట్టుకుంది.

"నాకొచ్చు నాన్నా," అంది.

"ఏంటే?"

"తొక్కడం. మా అందరికీ వచ్చు. ఆదివారాలు నేర్చుకున్నాం, మీరు ప్రసంగం చెబుతుంటే."

గుడి వెనక గోడకి ఆనించిన సైకిలుని ఆ పిల్లలు రెండేళ్లుగా ప్రతి ఆదివారం గట్టు మీదికి తోలుకుపోయి, ఆఖరి పాట వినిపించేసరికి తెచ్చి పెట్టేసేవారు. పేటలో పన్నెండేళ్ల లోపు పిల్లలు పద్నాలుగు మంది. పద్నాలుగు మందికీ వచ్చు. రానిది వయసు తేల్చిన పెద్దమనిషికి ఒక్కడికే. ఆయనకి రాదని కూడా వాళ్లకి మొదటి వారమే తెలుసు. దీనమ్మ మొదటిసారి దాన్ని ముట్టుకున్నప్పుడు గొలుసుకీ చట్రానికీ మధ్య సాలెగూడు ఉందట. తొక్కే సైకిలుకి గూడు పెట్టే సాలీడు ఉండదు కదా. ఎవరితోనూ అనకూడదని పిల్లలు ఒట్టు పెట్టుకున్నారు. ఎవరైనా అంటే మేష్టారికి కోపం వచ్చి ప్రసంగం పొట్టి చేస్తారని వాళ్ల భయం.

"సీటు అందదు కదే నీకు," అన్నారు మేష్టారు. అంత గందరగోళంలోనూ ఆయనకు తన తీర్పే గుర్తుకొచ్చింది.

"సీటుతో పనేముంది నాన్నా?"

దీనమ్మ పరికిణీ పైకి దోపింది. కుడికాలు పైకి వెయ్యలేదు, సైకిలు చట్రంలోంచి అవతలికి దూర్చి పెడలు మీద పెట్టింది. చట్రం పైన అడ్డంగా ఉన్న గొట్టాన్ని చంకలో ఇరికించుకుని, మనిషంతా ఒక పక్కకి వేలాడుతూ నిలబడి, తండ్రి మొహంలోకి చూసింది. మేష్టారి చెయ్యి ఇంకా హ్యాండిలు మీదే ఉంది. పిల్లలకి ఎప్పుడు నేర్పాలన్న ప్రశ్నకి ఆయన అసలు జవాబు చెప్పవలసింది అప్పుడే. రెండేళ్లూ చెప్పినదంతా జవాబు కాదు.

"పో," అన్నారు. చెయ్యి తీసేశారు.

పోయింది. రెండు తొక్కులకి తూలింది, మూడోదానికి నిలబడింది. కరణంగారి అరుగు ముందు గంట కొట్టింది. అవసరం లేదు, దారిలో ఎవరూ లేరు. అయినా కొట్టింది. గుమాస్తా కుర్చీ చుట్టూ తిరిగి, దొరగారి మోటారు సైకిలుని దాటి, రేవు దాకా పోయి ఆగింది.

ఆ రోజు దొరగారూ కరణంగారూ మొదటిసారి ఒక మాట మీద నిలిచారు. ఇద్దరూ ఒకే గొంతుతో, ఆడపిల్ల నడివీధిలో కాళ్లు అలా పెట్టి తొక్కడమేమిటన్నారు. అర్జీ మేష్టారి గౌరవం కోసం పెట్టింది గాని దీని కోసం కాదని దొరగారు గొణిగారు. గుమాస్తాకి ఉత్తరువులో మగవాళ్లని గాని పెద్దవాళ్లని గాని రాసి ఉన్నట్టు కనిపించలేదు. రెండుసార్లు చదివాడు. ఎండ ఎక్కువవుతోంది. చివరికి "వీధిన వాహనము తొక్కబడినది. ఎవరును అడ్డగించలేదు" అని రాసి, కరణంగారి చేత సంతకం పెట్టించుకుని పోయాడు.

వారం తిరక్కుండా సైకిలు పెద్దాపురం పోయింది. అబద్ధం ఆడినందుకు మేష్టారికి రోజుకి రెండు బళ్ల పని తీసేసి, మునపటిలా రోజుకి ఒకే బడి చూడమన్నారు. అంటే మళ్లీ ఎనిమిది మైళ్లే. శిక్షగా సగం నడక తగ్గించిన దొరగారు ఇంకొకరు లేరేమో. చింతలాకు పేటలో సైకిలు తొక్కడం వచ్చిన పిల్లలు పద్నాలుగు మంది మిగిలారు, సైకిలు మాత్రం లేదు. మేష్టారి ఎడం చెయ్యి చాలాకాలం పట్టుకోవడానికి ఏమీ లేకపోయినా ముందుకి చాచే ఉండేది. దీనమ్మ వెంట ఉన్న రోజున ఆ చెయ్యి దాని భుజం మీద పడేది.

మార్చిలో పాపాయికి నొప్పులు మొదలయ్యాయి. మిట్టమధ్యాహ్నం. లాజరు బండి కట్టాడు. మేష్టారు పిలవకుండానే వచ్చి వెంట నడిచారు. దీనమ్మ కూడా నడిచింది. బండి పెద్దవీధి మొదటికి వచ్చేసరికి లాజరు చెయ్యి దానంతటదే పగ్గం బిగించింది. ఎద్దు కూడా ఆగిపోయింది. దానికీ అలవాటే. అరుగు మీద కరణంగారు పంచాంగం చూసుకుంటున్నారు.

పాపాయి కళ్లు తెరిచి మేష్టార్ని చూసింది. ఆయన ఏమంటారోనని చూసింది.

"కదులు లాజరూ, ఆపకు," అన్నారు మేష్టారు. అని, ఒక్క క్షణం తటపటాయించి, "ఉండుండు. కాస్త జరగమ్మా. నేనూ ఎక్కుతాను," అన్నారు.

ఆయన జీవితంలో ఆ వీధిలో ఏదైనా ఎక్కడం అదే మొదలు. కోటు కొసలు పట్టుకుని బండి వెనక అంచున కూర్చున్నారు. బండి కదిలింది. కరణంగారు పంచాంగంలోంచి తల ఎత్తలేదు. ఆ పేజీ అంత బాగుందేమో, బండి రేవుకి చేరేదాకా తిప్పలేదు.

పాపాయికి మర్నాడు రాజమండ్రిలో ఆడపిల్ల పుట్టింది. ఈసారి బిడ్డ దక్కింది. నాయనమ్మ ఆ సంగతి ఒక్క ముక్కలో చెప్పేసి మళ్లీ బండి దగ్గరికే వచ్చేది. తను పక్కనే నడుస్తూ చూసిందట. బండి అంచున కూర్చున్న తండ్రి పాదాలు రెండూ నేలకి ఆనకుండా వేలాడుతున్నాయట. ఆయన రెండు చేతులతోనూ బండి పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, పెద్దవీధి అయిపోయేదాకా తెరవలేదట.